మా ఆయన సస్పెన్షన్ వైభోగం

ఈ లోకంల సర్కారు నౌకరి చేసేటోనికి గౌరవం రెండే దినాలు! ఒకటి నౌకరి దొరికిన దినం, రెండోది ఆ నౌకరిలకెళ్లి సస్పెండ్ అయిన దినం. నడుమల ఉన్నదంతా టిఫిన్ బాక్సు మోసుడే. తొమ్మిదో తరగతి నడుమల ఆగిపోయినదాన్నైనా ఈ మాట బల్ల గుద్ది చెప్తున్న. బల్ల మా ఇంటి ఓనరమ్మది కాబట్టి మెల్లగ గుద్దుతున్న.

మా ఆయన పేరు యుగంధర్. సూర్యాపేటల ఒక సర్కారు ఆఫీసుల జూనియర్ అసిస్టెంటు. ఏ ఆఫీసో చెప్పను. చెప్తే మీరు ఏదో ఒక పని పట్టుకొని ఇంటికొస్తరు, వస్తే చాయ్ పెట్టాలె. ఆయన పని ఏందంటే, వచ్చిన కాయితం మీద ముద్ర కొట్టి పక్క కుర్చీకి తోసుడు. లంచం ఆ పక్క కుర్చీ కాడ మొదలైతది! అందుకని మా ఆయన గొప్ప నిజాయితీపరుడు.

ఆ నిజాయితీకి దొరికిన మర్యాదలు చెప్త వినుండ్రి. పాలాయన మాకు పోసే చెంబుల పాలకంటె మూసీ ఎక్కువ పారుతుండె. కిందింట్ల ఉండే ఓనరమ్మ ఎల్లమ్మ మా ఆయనను "ఓ పిల్లగా, మోటరు బంద్ చెయ్!" అని పిలుస్తుండె. మిర్యాలగూడల రైసు మిల్లున్న మా ఆడిబిడ్డ మొగుడు జగదీశ్ అయితే, ఇంట్ల ఏ దావత్ చేసినా తెల్లారి ఫోన్ చేసి, "అరె, నిన్న మీరు రాకపోతిరి?" అంటుండె. పిలిస్తె గద వచ్చుడు!

ఇవన్ని ఓర్సుకున్న. ఓర్సుకోనిది ఒక్కటే. మా బిడ్డ అఖిల ఎల్కేజీ సీటు.

మా గల్లీ చివర లిటిల్ కామెట్ ఇంటర్నేషనల్ స్కూలుంది. ఇంటర్నేషనల్ ఎందుకంటె, గోడ మీద భూగోళం గీసిండ్రు. అందుల సూర్యాపేట ఆఫ్రికా అంత ఉంటది. ఆ స్కూలు కరస్పాండెంటు సోమయ్య సారు. పిల్లలకు పరీక్ష పెట్టడు, తల్లిదండ్రులకు పెడ్తడు. నేను పట్టుచీర కట్టుకొని పోయి కూసున్న.

"తల్లి క్వాలిఫికేషన్?"

"తొమ్మిది సార్."

"నైన్త్ పాసా?"

"నైన్త్‌ల కూసున్న సార్. లేసే లోపట పెండ్లి చేసిండ్రు."

సారు నవ్విండు. "తండ్రి?"

"జూనియర్ అసిస్టెంటు సార్. శానా నిజాయితీ!"

నిజాయితీ అనంగనే సారు పెన్ను మూత పెట్టిండు. "చూస్తమమ్మా. వెయిటింగ్‌ల పెడ్తం."

ఆ దినం నుంచి నాకు అన్నం లోపలికి దిగలే. నేనంటె పదో తరగతి మొఖం సూడలే. నా బిడ్డ ఎల్కేజీ కాడనే ఆగిపోతే? ఎల్కేజీ లేక యూకేజీ లేక, రేపు అది కూడ ఎవలకో "కూసున్న సార్" అని చెప్పుకుంటె? నా గుండె మిక్సీ జారు లెక్క ఉరుకుతుండె.

మా ఆయనకు మాత్రం ఆ ఫికరే లేదు. ఆయన ఫికరు ఆయనకుంది. దాని పేరు సస్పెన్షన్!

ఆగుండ్రి, మీరు కూడ తప్పు అర్థం చేసుకోకుండ్రి. మా ఇంట్ల సస్పెన్షన్ అంటె స్ప్రింగులు. మా ఆయన కాడ ఒక రిమోట్ బండి ఉంది. రాక్ క్రాలర్ అంటరట. రాళ్లు ఎక్కే బండి. ఉరకదు, పాకుతది. మా అఖిల పాకుడు నేర్సినప్పుడు గడప కాడ ఎట్ల ఆగి, ఆలోచన చేసి, ఒక్కొక్క చెయ్యి ఏసిందో అచ్చం గట్లనే! కోదాడల మొబైల్ షాపున్న మహేష్ అనే దోస్తుతోని కలిసి, ఆదివారమైతే వాడపల్లి కాడ ఏటి ఒడ్డు రాళ్ల మీద ఎక్కిస్తడు.

దాని నాలుగు చక్రాలకు నాలుగు షాకులుంటయి. కరెంటు షాకు కాదు. సన్నటి గొట్టం, లోపల చిక్కటి ఆయిలు, సుట్టూ స్ప్రింగు. స్ప్రింగు మెత్తగుంటె చక్రం రాయిని కావలించుకుంటది. గట్టిగుంటె రాయిని సూసి ఎగుర్తది. మరీ మెత్తగుంటె బండి పొట్ట రాయికి ఆనుకొని తాబేలు తీర్గ ఊగుతది. ఇదంతా నాకెట్ల తెలుసంటరా? ఆయన స్ప్రింగులన్ని నా స్టీలు పళ్లెంల ఆరబెట్టి, అన్నం తినేటప్పుడు నాకు పాఠం చెప్తడు. నేను ఆగిపోయిన సదువు గిట్ల ముందుకు నడిచింది!

ఆ దినాలల్ల బండికొక రోగమొచ్చింది. రాయి మీద రేసు ఇయ్యంగనే ఒళ్లు ఒక పక్కకు మెలివడి, ముందటి ఎడమ చక్రం గాల్లకు లేస్తుండె. దానికి మందు, వెనక కుడి పక్క కొంచెం గట్టి స్ప్రింగు వెయ్యాలెనట. ఆ ముచ్చటనే మా ఆయన మెట్ల మీద నిలబడి మహేష్‌కు ఫోన్‌ల చెప్తుండు. మెట్ల కింద ఎల్లమ్మ చింతపండు గింజ తీస్తుంది.

"మహేషూ, నా సస్పెన్షన్ సంగతి ఖతం రా! పైనుంచి బరువు పడ్డది, తట్టుకోలేకపాయె... ఆ, ఆయిలు పోసిన. పల్చగైంది, పని కాలే. జర చిక్కటిది పోయాలె... అసలు రోగం ఏందంటె, వెనక గట్టిగ లేదు! వెనక గట్టిగుంటె ముందట ఇట్ల లేస్తదా? కోదాడల నీకు తెలిసినకాడ ఒక గట్టిది సూడు రా. ఎంతైనా ఫర్వాలేదు!"

ఎల్లమ్మ చేతుల చింతపండు అట్లనే ఆగింది.

సాయంత్రం బట్టలు తీసుకుంటుంటె నా పక్కకొచ్చి, చెవుల ఊదినట్టు అడిగింది. "బిడ్డా, మీ ఆయనది... సస్పెన్షనా?"

"అవునమ్మా! నెల సంది అదే లొల్లి. తిండి లేదు, నిద్ర లేదు. నా పళ్లాలన్ని ఆయిలు జిడ్డు!"

"పళ్లాలల్ల పెట్టి ఇస్తుండా!" ఎల్లమ్మ కండ్లు ఇంతింత చేసింది. "ఏం ఫికరు చెయ్యకు తల్లీ. గొప్పోళ్లకే వస్తయి గిసొంటియి."

గొప్పోళ్లేంది, బొమ్మ బండేంది అని అనుకున్న గని, అఖిల ఏడిస్తే లోపలికి పోయిన.

తెల్లారి పాలు పొయ్యి మీద పెడితే మీగడ కట్టింది! మా ఇంట్ల మీగడ! నాకు భయమైంది. పాలు ఖరాబైనయా ఏందని పారబోద్దమనుకున్న. పాలాయన కిందికెళ్లి అరిసిండు. "సారుకు బర్రె పాలు పోసినమ్మా! సారు తాగాలె, బలముండాలె!"

సారా? ఏ సారు?

ఎల్లమ్మ మోటరు తనే బంద్ చేసుకొని, "యుగంధర్ సారూ, నీళ్లు సరిపోయినయా?" అని అడిగింది. మిర్యాలగూడ నుంచి జగదీశ్ ఫోన్ చేసిండు. "బావా! ఆదివారం మా ఇంట్ల దావత్. నువ్వొస్తేనే పొయ్యి ముట్టిస్తం! ఇగ విన్న లే. మొగోనివి! ఇన్నేండ్లు ముద్ర కొట్టుకుంట కూసున్నవనుకున్న గని, లోలోపట ఇంత ఉందనుకోలే!"

"ఏముంది బావా లోపట?" అన్నడు మా ఆయన.

"గదే, గదే! అట్లనే అనాలె! ఎవరడిగినా గట్లనే అను!" ఫోన్ పెట్టేసిండు.

మా ఆయన నాదిక్కు సూసిండు. నేను మా ఆయన దిక్కు సూసిన. ఇద్దరికీ ఏం సమజు కాలే.

ఆ మాపటికి ఇంటి ముందట కారు ఆగింది. లిటిల్ కామెట్ కరస్పాండెంటు సోమయ్య సారు స్వయంగ మా మెట్లెక్కి, ఆపిల్ పండ్ల కవరు పట్టుకొని వచ్చిండు! నేను ఉరికి కుర్చీ తుడిసిన. మా ఆయన చాపల కూసొని, ఒళ్లె స్ప్రింగు పెట్టుకొని ఉన్నడు.

"యుగంధర్ గారూ, మీ సస్పెన్షన్ గురించి విన్నం," అన్నడు సారు, గొంతు బరువు చేసి.

మా ఆయన మొఖం బల్బు లెక్క వెలిగింది. ఇన్ని దినాలకు ఒక సదువుకున్నాయన ఇంటికొచ్చి స్ప్రింగుల గురించి అడుగుతుండు! "కూసోండి సార్! మీకు గూడ ఇంట్రెస్ట్ ఉందా?"

"ఉండదా మరి! మాక్కూడ అవసరాలుంటయి గద. ఇంతకు ఎక్కడ తేడా వచ్చింది?"

"ఒక పక్కకే ఒరిగింది సార్. అక్కడ దెబ్బతిన్న."

"ఆహా! అందర్ని సమానంగ సూడాలె."

"సూడాలె సార్! నాలుగు చక్రాలు నేల మీదుండాలె. ఒక్కటి గాల్లకు లేసిందంటె దొరికిపోయినట్టే."

"దొరికిపోవుడే!" సోమయ్య సారు తల ఊపిండు. "మరి మా అసొంటోళ్లు... మెత్తగ పోవాల్నా, గట్టిగ పోవాల్నా?"

"ముందు మెత్తగ సార్. ఎప్పుడైనా ముందు మెత్తగనే పోవాలె. గట్టిగ పోతే రాయి ఎదురు తంతది. మెత్తగ పోతే రాయి కూడ దారిస్తది."

"వారెవ్వా! ఆయిలు?"

"చిక్కగ పోయాలె. పల్చగ పోస్తే ఎగిరెగిరి పడ్తయి."

"పడ్తరు, పడ్తరు, నాకు తెల్సు!" సారు కుర్చీల ముందుకు జరిగిండు. గొంతు తగ్గిచ్చిండు. "మరి వెనక?"

"వెనక గట్టిదే కావాలె. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంత వెనకకే పడ్తది సార్."

"మీకు వెనక ఎవరు?"

"కోదాడ నుంచి వచ్చింది సార్, నిన్ననే. శాన గట్టిది!"

"కోదాడా!" సోమయ్య సారు లేసి నిలబడ్డడు. కోదాడ అంటె ఆయన ఎవర్ని అనుకున్నడో, రెండు చేతులు జోడించిండు. "మీ అసొంటి అనుభవం ఉన్నోళ్ల పాప మా స్కూల్ల లేకపోతే అది స్కూలే కాదు! అఖిల సీటు ఖాయం. శుక్రవారం స్వాగతోత్సవం. సస్పెండ్ అయి మళ్ల కుర్చీకొచ్చేటోళ్లు పెద్ద కుర్చీకే వస్తరు, మాకు తెలువదా? మా మూడో అంతస్తు పర్మిషన్ కాయితం అప్పుడు జర యాదిపెట్టుకోండి."

కారు పోయినంక మా ఆయన స్ప్రింగు కింద పెట్టిండు. మొఖం తెల్లగైంది.

"నీలా! వీళ్లు... నేను లంచం తిని సస్పెండ్ అయిన్నని అనుకుంటుండ్రు!"

నాకు పాలు, ఫోను, పండ్లు, అన్ని ఒక్కపారే సమజైనయి. "అవు గదా!"

"ఛీ ఛీ! ఇప్పుడే పోయి చెప్పొస్త. నేను ఒక్క చాయ్ గూడ తాగనోన్ని!" చెప్పులేసుకుంటుండు.

నేను తలుపుకు అడ్డం నిలబడ్డ. "అఖిలా డాడీ, నీ కాళ్లు మొక్కుత. శుక్రవారం దాక ఆగు. నువ్వు లంచం తిన్నట్టు జర ఓపిక పట్టు! బిడ్డ సీటు!"

నా మొఖం సూసిండు. చెప్పులు విప్పిండు.

ఇగ ఆ వారమంతా మా కష్టాలు పగోళ్లకు కూడ వద్దు! సస్పెండ్ అయినోడు ఆఫీసుకు పోవద్దు. మా ఆయనకేమో ఆఫీసుకు పోకపోతే జీతం కట్. లోకంల అందరు ఇంట్ల పండుకొని ఆఫీసుకు పోయిన్నని చెప్తరు. మా ఆయన ఆఫీసుకు పోయి ఇంట్ల పండుకున్నట్టు చెప్పాలె! ఎల్లమ్మ స్నానానికి పోయేదాక ఆగి, లుంగీ మీద హెల్మెట్ పెట్టుకొని, ప్యాంటు కూరగాయల సంచిల ఏసుకొని వెనక గల్లీలకెళ్లి ఉరుకుతుండె. సంచి మీద కొత్తిమీర కట్ట నేనే పెడ్తుంటి. ఆఫీసు బాత్రూంల ప్యాంటు తొడుక్కొని ముద్ర కొడ్తుండె. దొంగతనంగ నిజాయితీ నౌకరి చేసినోడు జిల్లాల మా ఆయన ఒక్కడే!

సాయంత్రం గద్దె మీద కూసొని గుర్రుమని సూడాలె. అది ఆయనకు చాతగాలే. ఎవరు నమస్తె పెట్టినా లేసి నిలబడి వాళ్లకే నమస్తె పెడ్తుండె. "ఎంత ఒదిగున్నడో సూడు. పెద్ద చెయ్యే తిరిగింది!" అని గల్లీ అంతా మెచ్చుకుంది.

శుక్రవారం వచ్చింది. లిటిల్ కామెట్‌ల టెంటు, మైకు, పూలు. అఖిల కొత్త యూనిఫాం తొడుక్కొని, ఒళ్లె రిమోట్ బండి పట్టుకొని కూసుంది. ఇయ్యమంటె ఇయ్యలే. బండి లేంది బడికి రానన్నది. ముఖ్య అతిథి వచ్చిండు. లేసి చప్పట్లు కొట్టబోయి మా ఆయన అట్లనే కూలవడ్డడు.

"ఏమైంది?"

"నీలా... గాయన మా జనార్దన్ సారు! మా ఆఫీసరు!"

లేసి పోదామనుకునేలోపు మైకు ఉరిమింది. సోమయ్య సారు గొంతు! "మా స్కూలుకు గర్వకారణం! మా అఖిల తండ్రి! ఇటీవలనే సస్పెండ్ అయిన శ్రీ యుగంధర్ గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాం!"

చప్పట్లే చప్పట్లు! ఎల్లమ్మ అయితే ఈల ఒక్కటే తక్కువ. మా ఆయనను నలుగురు ఎత్తుకున్నట్టు తీస్కపోయిండ్రు. ఎర్రటి సాలువా భుజం మీద పడ్డది. దాని మూలకు గంధం మరక ఉంది. అది ఎంతమంది భుజాలు ఎక్కి దిగిందో!

జనార్దన్ సారు కుర్చీలకెళ్లి లేసిండు. "ఆగుండ్రి! ఎవరు సస్పెండ్ చేసిండ్రు వీన్ని?"

"మీరే గద సార్?" అన్నడు సోమయ్య సారు.

"నేను చెయ్యలే! నా సంతకం లేకుండ సస్పెండ్ ఎట్ల అయితడు? నిన్న గూడ ముద్ర కొట్టిండు! ఏమయ్యా యుగంధర్, పై అధికారి ఉత్తర్వు లేకుండ తనకు తానే సస్పెండ్ అవుడు శాఖాపరమైన నేరం, తెలుసా?"

సోమయ్య సారు మొఖం మాడిపోయింది. "అంటే... సస్పెండ్ కాలేదా? అంటే... ఏం తినలేదా?"

"ఏం తినలే సార్," అన్నడు మా ఆయన, తప్పు చేసినట్టు తల దించుకొని.

నాకిగ ఆగలే. అఖిల చేతులకెళ్లి బండి గుంజుకొని వేదిక ఎక్కిన. "సార్, సస్పెన్షన్ అంటె గిది! గీ స్ప్రింగులు! ముందు మెత్తగ, వెనక గట్టిగ. గీ ఆయిలే మేం చిక్కగ పోసింది!" బండిని టేబుల్ మీద పెట్టిన. అఖిల చేతుల మిగిలిన రిమోట్‌ను కింద నుంచి నొక్కింది. బండి మెల్లగ పాకి, మెమెంటోల కుప్ప ఎక్కి, పూలగుత్తి దాటి, జనార్దన్ సారు ముందట ఆగింది. ఒక్క చక్రం గూడ లేవలే! ఇంకో దినమైతే మా ఆయన సంబురంతోని ఎగురుతుండె.

సోమయ్య సారు సాలువా మూల పట్టుకొని మెల్లగ గుంజుకుండు. "సారీ అండి. నిజాయితీ కోటాల సీట్లు ఎప్పుడో నిండినయి."

ఏడుపొచ్చింది నాకు. అప్పుడే జనార్దన్ సారు టేబుల్ మీద గుద్దిండు. "మా ఆఫీసు పరువు తీసినవు! పో, నిన్ను ఇప్పుడు నిజంగనే సస్పెండ్ చేస్తున్న!"

ఆ మాట ఇంక గాల్లనే ఉంది, సాలువా మళ్ల మా ఆయన భుజం మీదికొచ్చింది! "అభినందనలు సార్!" అని సోమయ్య సారు చెయ్యి గుంజి ఊపిండు. మళ్ల చప్పట్లు! జగదీశ్ మిర్యాలగూడ నుంచి తెచ్చిన దండ కూడ పడ్డది!

జనార్దన్ సారు ఆ చప్పట్లు విన్నడు. దండ సూసిండు. కడుపుల మండింది. "ఇన్నేండ్ల సర్వీసుల నా మెడల గిసొంటి దండ పడలే! వీనికి గింత గౌరవమా? రద్దు! సస్పెన్షన్ రద్దు!"

సాలువా మళ్ల పోయింది. దండను జగదీశే వచ్చి తీస్కపోయిండు. ఇంకెవరికన్న పనికొస్తదని.

జనార్దన్ సారు దిగిపోతుంటె మెట్ల కాడ నేను ఉరికి కాళ్ల మీద పడ్డ. "సార్! సార్! మీ పుణ్యముంటది, మా ఆయనను జర సస్పెండ్ చెయ్యుండ్రి సార్! మళ్ల కావాలంటె నౌకరిలకు తీసుకోండి. అడ్మిషన్ అయ్యేదాకనే సార్! బిడ్డ బతుకు!"

సారు అటూ ఇటూ సూసిండు. గొంతు తేనె అయింది. "సస్పెన్షన్ అంటె అంత అల్కగ దొరుకుతదా అమ్మా? ఎంతమంది లైన్ల ఉన్నరు! ఆదివారం ఇంటికి రమ్మను. ఆయిలు సంగతి మీకు తెలుసు గద? చిక్కగ పోయమను. పల్చగ పోస్తే నాకు పడదు."

మా ఆయన వెనకకెళ్లి విన్నడు. బండి చంకల పెట్టుకొని, నా చెయ్యి పట్టి లేపిండు. "మా కాడ బొమ్మ బండి ఆయిలే ఉంది సార్. అది మీకు సరిపోదు. లె నీలా, పోదాం." సస్పెండ్ అయినట్టు తిరిగిన వారంల ఒక్క దినం గూడ రాని గట్టితనం ఆ ఒక్క మాటల వచ్చింది.

సోమవారం అఖిలను అంగన్‌వాడీకి తీస్కపోయిన. టీచర్ అరుణ మేడం ఒక్కటే అడిగింది. "పాప పేరేంది?" ఇంకేం అడగలే. నేనే ఉండబట్టలేక చెప్పిన. "మేడం, నేను తొమ్మిదిల ఆగిపోయిన."

"అయితే అ ఆలు వచ్చు గద? మాపటికి పలక మీద నువ్వే దిద్దించు," అన్నది. నా మిక్సీ జారు అక్కడ ఆగింది. బండి కూడ లోపలికి రానిచ్చింది. పిల్లలందరు దాన్ని దిండ్ల మీదికెళ్లి ఎక్కిస్తుండ్రు.

పాలల్ల మళ్ల మూసీ పారుతుంది. జగదీశ్ మళ్ల దావత్ తెల్లారి ఫోన్ చేస్తుండు. "ఓ పిల్లగా, మోటరు!" మళ్ల మొదలైంది.

ఇగో, మొన్ననే జనార్దన్ సారు ఎవరి కాడనో చిక్కటి ఆయిలు తీసుకుంటుంటె దొరికిండు. నిజంగనే సస్పెండ్! మా గల్లీ చివర పెద్ద ఫ్లెక్సీ కట్టిండ్రు. లిటిల్ కామెట్‌ల సన్మానం. ఎల్లమ్మ నన్ను గుంజుకపోయింది. సోమయ్య సారు కప్పిన సాలువా సూసిన. అదే! మూలకు గంధం మరక అట్లనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఎల్లమ్మ మెట్ల కాడ ఆగి, పైన గద్దె మీద స్ప్రింగు తిప్పుకుంట కూసున్న మా ఆయనను సూసి పెద్ద ఊపిరి వదిలింది.

"నౌకరి అంటె జనార్దన్ సారు తీర్గ చెయ్యాలె బిడ్డా! మీ ఆయన ఉన్నడెందుకు? ఇన్నేండ్లల్ల ఒక్కపారన్న సక్కగ సస్పెండ్ అయిండా?"